తరిమెనపని – అంకుడు కఱ్ఱ



గాజువాక అనగానే నేడు మనకు ఇనుము జ్ఞప్తికి వచ్చును. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితము చేయబడిన ఉక్కు కర్మాగారము ఇచ్చటికి చేరువనే యున్నది. నౌకలను నిర్మించు కార్ఖానా ఒక ప్రక్కను, ఆటోనగరులోని చిన్న పెద్ద యంత్రశాలలు మఱియొక ప్రక్కను కలవు. ఇనుప కడ్డీని మరకు బిగించి గిఱ్ఱున త్రిప్పుచు, దానికి ఉలి తగిలించి, పొరలు పొరలుగా తీసివేసి నునుపు చేయు పనివారు మీ కుటుంబములలోనే కొందఱుందురు. ఆ మరను వారు లేతు అందురు. మన పూర్వులు దానికి తరిమెన అని పేరు పెట్టిరి. తరిమెనపై ఇనుము తిరుగుటకు ఎన్నో వందల యేండ్లకు పూర్వమే కఱ్ఱ తిరిగినది. ఆ కఱ్ఱపనినిగూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. ఇంటిపట్టున నుండి తరిమెనపై ఏయే వస్తువులను చేయుచున్నారు, వానిని ఎట్లు చేయుదురు, ఆ పని మన ప్రాంతమున నిలుచుటకు మీవంటి పెద్దలు చేయదగిన దేమి – ఇవి మూడును నా ప్రసంగమునకు విషయములు.

తరిమెన సూత్రము బహు సులభమైనది. కుమ్మరి సారెను మనమందఱము చూచినవారమే. సారె నేలకు సమముగా తిరుగును; దాని నడుమనున్న మన్ను చేతి ఒత్తిడికి లొంగి కుండ యగును. తరిమెనయందు ఇరుసు అడ్డముగా నుండును. రెండు మొనల నడుమ కఱ్ఱముక్కను ఇఱికించి త్రిప్పుదురు. పనివాడు ఎదుట కూర్చుండి, ఒక అడ్డబద్దపై ఉలిని ఆనించి, దాని వాదరను తిరుగుచున్న కఱ్ఱకు మెల్లగా తగిలించును. కుమ్మరి మన్నును పెంచును. తరిమెనవాడు కఱ్ఱను తగ్గించును. వంకర టింకరగా నున్న కొమ్మ క్షణములలో గుండ్రనై, పనివాని మనస్సులోని రూపమును పొందును. తీసినది మఱల అతికించుటకు వీలులేదు గనుక, ఎచ్చట ఆగవలెనో తెలియుటయే ఇందలి నేర్పు.

ఇది మిక్కిలి ప్రాచీనమైన విద్య. ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను అర్చకుని సమాధి గోడలపై, క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దపు చివర చెక్కిన చిత్రములలో, ఒకడు తాటిని లాగుచుండగా మఱియొకడు ఉలి పట్టి పనిచేయుట కనబడును. మన దేశమునందును నిన్న మొన్నటివఱకు పద్ధతి ఇదియే. ఇరుసునకు తాడు చుట్టి, ఒకరు దాని రెండు కొనలను మార్చి మార్చి లాగుచుండ, కఱ్ఱ ఒకమాఱు ముందునకును, ఒకమాఱు వెనుకకును తిరుగుచుండెడిది. ముందునకు తిరిగినప్పుడు మాత్రమే ఉలి కోయును; వెనుకకు తిరుగునప్పుడు చేయి సడలింపవలెను. ఇట్లు ఒక్క బరిణెకు ఇరువురు మనుష్యులు కావలసియుండిరి. విద్యుత్తు వచ్చి, చిన్న మోటారు ఆ తాడు లాగువాని స్థానమును గ్రహించిన పిదప ఒక్కరే కూర్చుండి పని చేసికొనగలుగుచున్నారు. తరిమెన ఒంటరివాని ఇంటిపని యగుటకు ఇదియే కారణము.

ఇనుప లేతునకు పుట్టుకయు ఇందుండియే. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లీ అను యంత్రకారుడు సుమారు 1800 ప్రాంతమున, పనివాడు చేతపట్టు ఉలిని ఒక బండిపై బిగించి, మరచేతనే నడిపించు పద్ధతిని చక్కదిద్దెను. అప్పటినుండి ఒకే కొలతగల మరలును, బోల్టులును వేలకొలది చేయుట సాధ్యమైనది. కావున ఆటోనగరులో నేడు గిఱగిఱ తిరుగు ప్రతి లేతును, మన మంచపుకోళ్లను తీర్చిన తరిమెనకు దూరపు చుట్టమే యని చెప్పవచ్చును.

మంచపుకోళ్లను పేర్కొంటిని. మన యిండ్లలో తరిమెన పట్టిన వస్తువు లెన్ని యుండెడివో ఒక్కమాఱు స్మరింపుడు. పట్టెమంచపు కోళ్లు, ఊయల కమ్ములు, కవ్వములు, అప్పడాల కఱ్ఱ, చదరంగపు బలములు, కుంకుమ బరిణెలు, పిల్లవాని బొంగరము, చంటిబిడ్డ గిలక, నడక నేర్చు బిడ్డ త్రోయు మూడు చక్రముల బండి – ఇవన్నియు తరిమెన సంతానమే. ఆడపిల్లలు గుజ్జనగూళ్లు వండుకొను లక్కపిడతలు లేని తెలుగు బాల్యము ఒకప్పుడు లేదు. ఒక చిన్న బుట్టలో పొయ్యి, కుండ, చట్టి, గరిటె, తిరుగలి, రోలు, రోకలి – ఇల్లాలి సంసారమంతయు అరచేతి పరిమాణమున ఇమిడియుండెడిది.

నేడు ఈ పనిని ఇతర దేశములలో వేడుకకై చేయువారు అనేకులు గలరు. ఇంగ్లండులోను, అమెరికాలోను ఉద్యోగము చాలించినవారు, పగలు వేఱొక వృత్తి చేసి సాయంకాలము తీరిక దొరకినవారు, ఇంటి వెనుక కొట్టములో చిన్న తరిమెనను పెట్టుకొని గిన్నెలు, దీపపు సెమ్మెలు, మూతగల డబ్బాలు, కలములు, బొంగరములు చేయుచున్నారు. అమెరికాలో ఇట్టివారు 1986లో ఒక సంఘముగా ఏర్పడిరి. వారికిది జీవనోపాధి కాదు. చేతికి పని, మనస్సునకు శాంతి. మనకు మాత్రము ఇదే పనిని కులవృత్తిగాను, జీవనాధారముగాను కాపాడుకొని వచ్చిన గ్రామము ఒకటి చేరువనే యున్నది. దానిని చూచుటకు సముద్రము దాటవలసిన పని లేదు.

గాజువాకనుండి జాతీయ రహదారిపై అనకాపల్లి, యలమంచిలి మీదుగా నైరృతి దిక్కునకు పోయినచో, ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున వరాహ నది యొడ్డున ఏటికొప్పాక గ్రామము గలదు. అది ఎస్. రాయవరము మండలములోనిది. 2022వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున జిల్లాల విభజన జరిగినప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. ఏటికొప్పాక లక్కబొమ్మ లనగా ఇచ్చటివే.

కొండపల్లి బొమ్మలకును వీనికిని భేద మున్నది. కొండపల్లివారు తెల్లపొణికి అను మిక్కిలి తేలికయైన కఱ్ఱను చేతితో చెక్కి, ముక్కలను అతికి, పైన రంగులు పూయుదురు. ఏటికొప్పాకవారు కఱ్ఱను తరిమెనపై త్రిప్పి తీర్చి, ఆ త్రిప్పుటలోనే రంగులక్కను ఎక్కింతురు. అందువలన వీరి బొమ్మలు తల మొదలు పాదమువఱకు గుండ్రనైన వంపులతోడనే యుండును. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, మేళగాండ్రు, ఎద్దుబండి, పక్షులు – ఏ రూపమైనను బొంగరమునకు బంధువువలెనే కనబడును. కర్ణాటకలోని చెన్నపట్టణమున చేయు బొమ్మలును ఈ జాతివే. అచ్చటివారు వాడునదియు మన అంకుడు కఱ్ఱయే.

ఇక పనిక్రమమును చెప్పెదను. మొదటిది కఱ్ఱ. అంకుడు చెట్టును మీలో పలువురు ఎఱుగుదురు. మెట్ట అడవులలోను, కొండవాలులందును, రాతినేలలలోను పెరుగు చిన్న చెట్టు. ఆకు త్రుంచిన పాలు కాఱును. వేసవిలో మల్లెలను పోలిన తెల్లని పూవులు పూయును. సన్నని పొడవైన కాయలు జంటలుగా వ్రేలాడును; లేతకాయల కొనలు రెండును కలిసియుండుట దీని గుర్తు. కొన్ని చోట్ల దీనిని పాలకొడిశ అని కూడ పిలుతురు. వైద్యమునకు వాడు కొడిశపాల వేఱొక చెట్టు. దాని గింజలు చేదు, అంకుడు గింజలు చేదు కావు.

అంకుడు కఱ్ఱ తెల్లనిది, మెత్తనిది, సన్నని పోగు గలది. ఈ మూడు గుణములును తరిమెనవానికి వరములు. తెల్లదనము వలన పైని రంగు స్వచ్ఛముగా కనబడును. మెత్తదనము వలన ఉలి శ్రమలేక సాగును. పోగు సన్ననిదగుటచే నువ్వుగింజయంత పూసయు, ఆవగింజయంత మొనయు విఱుగక నిలుచును. టేకు కఱ్ఱ గట్టిదే గాని దాని పోగు మోటు. అట్టి సన్నపు పనికి తగదు.

కొట్టిన కఱ్ఱను వెంటనే వాడరాదు. పచ్చికఱ్ఱలో నీరు చాలయుండును. అది ఆఱునప్పుడు కఱ్ఱ అన్ని దిక్కులకు ఒక్క తీరుగా కుంచింపదు. నడిమి చేవనుండి బెరడు దిక్కునకు ఎంత కుంచించునో, చుట్టుకొలత వెంబడి అంతకు ఇంచుమించు రెండింతలు కుంచించును. కఱ్ఱదుంగ చివర చక్రపు ఆకులవలె బీటలు పడుటకు కారణ మిదియే. పచ్చికఱ్ఱతో బరిణె చేసినచో, చేసిననాడు గుండ్రముగానున్న మూత నెలనాటికి కోలగా మాఱి బిగిసిపోవును. లేదా వదులై జాఱిపోవును. కావున బెరడు తీసి, కొన్ని నెలలు నీడపట్టున ఆఱబెట్టుట మొదటి నియమము. తొందరపడి ఎండలో పెట్టినచో పైభాగము ముందు ఆఱి, లోపలి తడి పోక, కఱ్ఱ పగులును.

ఆఱిన కఱ్ఱను కావలసిన పొడవునకు కోసి తరిమెనకు బిగింతురు. గుండ్రని వాదరగల ఉలితో ముందు మోటుగా గుండ్రము చేయుదురు. తరువాత వాలువాదర ఉలితో నునుపు తీయుదురు. కొలతకు వంకర కాళ్ల పరికరము నొకదానిని వాడుదురు. చేయి తిరిగినవారికి కన్నే కొలబద్ద. కుంకుమ బరిణెకు మూతను, అడుగును ఒకే కఱ్ఱముక్కనుండి తీయుదురు. ఆ ముక్కను రెండుగా తెగవేసి, అడుగుభాగమును లోపల తొలిచి, మూత దిగుటకు అంచును దారమంత దారమంతగా తగ్గించుచు సరిచూతురు. మంచి పనివాని బరిణె మూత తీయునప్పుడు లోని గాలి చిన్న ధ్వని చేయును. ఆ ధ్వని వినబడినచో బిగువు సరిపోయిన దన్నమాట.

రెండవది లక్క. మహాభారతములోని లక్కయింటి కథ ఎఱుగనివారు మీలో నుండరు. నిప్పు తగిలిన లక్క ఎట్లు కరగి మండునో ఆ కథయే చెప్పుచున్నది. లక్క ఒక చిన్న పురుగు నుండి పుట్టును. మోదుగ, రేగు, పూసుగు మున్నగు చెట్ల లేతకొమ్మలపై లక్కపురుగులు గుంపుగా చేరి రసము పీల్చి, తమ రక్షణకై జిగురును స్రవించి గూడు కట్టుకొనును. కొమ్మలను కోసి ఆ గూటిని గీసి తీసి, కడిగి, కరగించి వడకట్టినదే లక్క. ఝార్ఖండు, ఛత్తీస్‌గఢ్ అడవులలో ఇది మెండు. 1924లోనే రాంచీ వద్ద నామ్‌కుమ్‌లో లక్కకై ప్రత్యేకముగా పరిశోధన సంస్థ స్థాపింపబడిన దన్నచో దీని ప్రాముఖ్యము తెలియగలదు. మన స్త్రీలు పాదములకు పూసికొను లత్తుకయు పూర్వము ఈ పురుగునుండి వచ్చిన ఎఱ్ఱరంగే.

శుద్ధిచేసిన లక్కను వేడిచేసి, రంగుపొడి కలిపి, సాగదీసి పిసికి, కడ్డీలుగా చేయుదురు. బొమ్మ రూపము పూర్తియైన పిదప తరిమెన తిరుగుచుండగనే ఆ కడ్డీని కఱ్ఱకు నొక్కి పట్టుదురు. రాపిడి వలన వేడి పుట్టి లక్క కరగి కఱ్ఱకు అంటును. పొయ్యి లేదు, కుంచె లేదు. తిరుగుటయే నిప్పు, తిరుగుటయే కుంచె. అటుపిమ్మట మొగలి ఆకును మడిచి అదిమి పట్టినచో, లక్క అంతటను సమముగా పఱచుకొని అద్దమువలె మెఱుగెక్కును. ఒక రంగు ప్రక్కన మఱియొక రంగును వెండ్రుకవాసి తప్పక నిలుపుట యేండ్ల సాధన వలన వచ్చునది. లక్క పూసిన వస్తువులో వేడి పదార్థములను పోయరాదు. వేడిచే అంటినది వేడిచేతనే మెత్తబడును గదా.

మూడవది రంగు. ఈ కథలో చిక్కంతయు ఇచ్చటనే గలదు. పూర్వము పసుపునుండి పసుపుపచ్చ, జాఫ్రా గింజల పైపొరనుండి నారింజవన్నె, నీలిమొక్కనుండి నీలము, కరక్కాయకు ఇనుము చేర్చి నలుపు, కాచునుండి గోధుమవన్నె – ఇట్లు చెట్టు చేమలనుండియే రంగులు తీయుచుండిరి. కార్ఖానాలలో చేసిన రసాయనపు రంగులు అంగడిలో చౌకగా దొరకుట మొదలిడగా, చూపునకు తళతళలాడు వానివైపు పనివారు మొగ్గిరి. వారిని తప్పు పట్టరాదు. చెట్టురంగును తీయుటకు దినములు పట్టును. రసాయనపు పొడి క్షణములో కలియును. ఐనను బొమ్మలను వాడువా రెవరు? పాలుత్రాగు పసివారు. గిలకను చేతికిచ్చిన మఱుక్షణమే నోట పెట్టుకొందురు. ఎఱుపు, పసుపువన్నెలు గల కొన్ని రసాయనపు రంగులలో సీసము ఉండును. సీసము పిల్లవాని మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఇంతవఱకు ఫరవాలేదని చెప్పదగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు స్పష్టముగా చెప్పియున్నారు.

ఈ పరిస్థితిలో ఏటికొప్పాకకు చెందిన శ్రీ చింతలపాటి వేంకటపతిరాజుగారు చెట్టురంగులను మఱల తెచ్చుటకు పూనుకొనిరి. పని తేలికయైనది కాదు. పసుపును, నీలిని నూలుబట్టకు అద్దువాడు నీళ్లలో కలిపి అద్దును. లక్క నీటిలో కరగదు. నీటిరంగు దానిలో కలియదు. రంగును వేఱుచేసి, పొడిగా నిలిపి, లక్క వేడికి చెడకుండునట్లు చేసి, పిమ్మట కలుపవలెను. ఆకులు, గింజలు, వేళ్లు, బెరడులతో అనేక పరీక్షలు చేసి వారు దీనిని సాధించి, తోటి పనివారికి నేర్పిరి. భారత ప్రభుత్వము వారికి 2023లో పద్మశ్రీ బిరుదము నొసగినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది; అనగా ఆ పేరుతో వేఱొక చోట చేసిన సరకు అమ్మరాదు. 2025 జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోడనే నడచి, రాష్ట్రముల శకటములలో మూడవ బహుమానమును పొందినది.

చెట్టురంగులకు ఒక లోపము లేకపోలేదు. పసుపువంటి రంగు ఎండ తగిలినచో వెలిసిపోవును. కొనువారు దానిని నాసిరకమని తలపరాదు. వెలిసిపోవు రంగు బిడ్డకు హాని చేయనిదైనచో, వెలియని విషముకంటె అదియే మేలు.

ఇందు పెద్దలు గమనింపవలసిన చట్టవిషయ మొకటి కలదు. 2021 జనవరి 1వ తేదీనుండి మన దేశమున ఆటవస్తువు లన్నిటికిని ప్రమాణముద్ర యుండవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. చేతిపనివారికి మాత్రము మినహాయింపు నిచ్చిరి. కేంద్రప్రభుత్వ హస్తకళల శాఖవద్ద నమోదైన పనివారు చేసి అమ్ము బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును ఆ ముద్ర అక్కఱలేదు. ఒక్కొక్క కుటుంబము పరీక్షల ఖర్చు భరింపజాలదు గనుక ఇది న్యాయమైన దయ. కాని ముద్ర లేనిచోట కొనువానికి ఆధార మేమి? పనివాని మాటయే. కావున మనుమనికి బొమ్మ కొనునప్పుడు వెల అడుగుటకు ముందు రంగు దేనితో చేసిరో అడుగుడు. చెట్టురంగు వేసినవాడు సంతోషముగా వివరించును. ఆ ప్రశ్న ప్రతి అంగడిలోను వినబడిననాడు, సీసపురంగు చౌకయైనను ఎవరును తాకరు.

మీ గ్రామములలోనే ఈ పనిని వేడుకగా ఆరంభింపదలచువారికి రెండు మాటలు. కర్మాగారములో లేతుపై పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు దీనిని తేలికగా పట్టుకొందురు. ఐనను ఒక అలవాటును మార్చుకొనవలెను. ఇనుపపనిలో ఉలిని మర పట్టుకొనును. కఱ్ఱపనిలో చేయి పట్టుకొనును. ఇనుమునకు పోగు లేదు, కఱ్ఱకు కలదు. ఎల్లప్పుడు లావైన చోటునుండి సన్నని చోటునకు దిగుచు కోయవలెను; ఎదురు కోసినచో పోగు లేచి ముక్క పెచ్చులూడును. మొదట బొంగరము చేయుడు. అది సరిగా కుదిరినదో లేదో చెప్పుటకు గురువు అక్కఱలేదు. నేలపై వదలిన క్షణమున అదియే చెప్పును. నడుము తప్పినచో తల ఆడించును. కుదిరినచో నిద్రించినట్లు నిలుచును. బొంగరము తరువాత అప్పడాల కఱ్ఱ, ఆపై గిలక, చివరకు మూతగల బరిణె – ఇది చక్కని వరుస.

తరిమెన ముందు కూర్చుండునప్పుడు ఉత్తరీయము, వ్రేలాడు చొక్కాచేతులు, విరబోసిన జుట్టు, చేతితొడుగులు పనికిరావు. అవి ఇరుసునకు చుట్టుకొన్నచో మర మనిషిని లాగుకొనును. కంటికి అద్దము, ముక్కునకు గుడ్డ తప్పనిసరి. సన్నని కఱ్ఱపొడిని యేండ్ల తరబడి పీల్చుట ఊపిరికి చేటు. ముక్కులో క్యాన్సరు వ్యాధికిని దారితీయునని వైద్యులు నిర్ధారించిరి. గరుకుకాగితము పట్టునప్పుడు ఈ జాగ్రత్త మఱింత యవసరము.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. నేర్పు ఉన్నది, లక్క దొరకును, మంచి రంగులు మఱల వచ్చినవి, పేరు ఢిల్లీవఱకు పోయినది. కొఱతపడినది కఱ్ఱ. ఒకప్పుడు చేరువ అడవులలో సమృద్ధిగా దొరకిన అంకుడు నేడు అరుదైనది. కొట్టినవారే గాని నాటినవారు లేరు. అడవి తఱిగినది; మెట్టలు ఇండ్లస్థలములైనవి; పొలపు గట్లపై చెట్టు నీడ పంటకు చేటని దానిని తీసివేసితిమి. కఱ్ఱ దూరమునుండి రావలసి వచ్చినచో వెల పెరుగును. వెల పెరిగినచో ప్లాస్టికు బొమ్మ గెలుచును. అప్పుడు పనివాని కుమారుడు తరిమెనను మూలకు పెట్టి, పొట్టకూటికై మీ గాజువాకలోని ఏదో కార్ఖానా గేటువద్ద నిలువబడును. ఆ పనిలో అవమానము లేదు. కాని ఒక్క తరము నేర్చుకొననిచో, తాతలు చేతులతో నేర్చిన విద్యను పుస్తకమునుండి తిరిగి తెచ్చుకొనుట దుర్లభము.

అంకుడు మొండిచెట్టు, ఎక్కువ నీరు కోరదు, రాతినేలను అసహ్యించుకొనదు. మొదలంట పెకలింపక నేలకు కొంచెము ఎత్తున నఱికినచో మోడునుండి మఱల చిగుళ్లు వచ్చి అనేక కొమ్మలగును. తరిమెనవానికి మహావృక్షములతో పనిలేదు. చేతిలావు కొమ్మలే వాని ధాన్యము. కావున ఒకమాఱు పెంచిన మొదలు తరతరములకు కోతకు వచ్చు పంటవంటిది. గింజలకు దూదివంటి కుచ్చు ఉండును. కాయ పగిలినచో గాలికి ఎగిరిపోవును. అందుచే పగులకముందే కోసి, ఎండబెట్టి, గింజలు తీసి, పాతబడకముందే నారు పోసి, వానలు పడగానే నాటవలెను. మొదటి యేండ్లలో పశువులు త్రొక్కకుండ కంచె కావలెను. అటుపై అది తన్ను తానే కాపాడుకొనును.

చెఱువుగట్లు, పాఠశాల ఆవరణములు, దేవాలయపు తోటలు, సాగుకురాని మెట్టలు – వీనిలో దేనిని ఏమి చేయవలెనో నిర్ణయించు మాట నేటికిని గ్రామమున పెద్దలదే. నీడకు వేప, పూజకు మారేడు నాటునప్పుడు ప్రక్కన పది అంకుడు మొక్కలకు కూడ చోటిండు. సొంతనేలలో పెంచిన చెట్టునైనను నఱికి తరలించుటకు ముందు అటవీశాఖవారి అనుమతినిగూర్చి విచారించుట మంచిది. నాటునాడే పంచాయతి పుస్తకములో వ్రాయించి యుంచినచో తరువాత చిక్కు లుండవు. కఱ్ఱ కోతకు వచ్చిననాడు ఏటికొప్పాక పనివారికి కబురంపుడు. వారు వచ్చి కొమ్మను వంచి చూచి, బెరడు గీచి, తెల్లదనమును చూచి వెల చెప్పుదురు. ఆ వచ్చినవారిచేత మీ పాఠశాలలో ఒక పూట తరిమెన పెట్టించి, పిల్లలకు బొంగరము ఎట్లు పుట్టునో చూపింపుడు. వరాహ నది యొడ్డునున్న ఆ పని మీ యూరి పిల్లలకు అట్లు పరిచయమగును. వారిలో ఒక్కడు నేర్చుకొనగోరినను నాటిన చెట్టునకు ఫలము దక్కినట్లే.